వెరోనా మేయరు గారికి: ఒక సినిమా అతికింపు గురించి

మహారాజశ్రీ వెరోనా నగర మేయరు గారి సముఖమునకు, డబ్బులిచ్చి సినిమాలు చూసే ఒక తెలుగు ప్రేక్షకుడు వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

మీ ఊళ్ళో నాకు ఇల్లు లేదు, ఓటు లేదు, కుళాయి కనెక్షన్ లేదు. అయినా మీకే ఎందుకు రాస్తున్నానంటే, ప్రేమ విషయంలో జరిమానా వేసే ధైర్యం ఉన్న మునిసిపాలిటీ నాకు తెలిసి మీదొక్కటే. వియా కాపెల్లో 23వ నెంబరు ఇంటి వాకిట్లో, అంటే జూలియెట్ ఇల్లని మీరు చూపించే చోట, ప్రేమికులు చీటీలు రాసి చూయింగ్‌గమ్‌తో గోడకి అతికిస్తుంటే 2012లో మీవాళ్ళు విసిగిపోయి 500 యూరోల దాకా జరిమానా అన్నారు. సబబే. శతాబ్దాల నాటి గోడ, నమిలిపారేసిన గమ్ము. నా ఫిర్యాదల్లా ఏమిటంటే, అంతకు రెండేళ్ళ ముందే అదే గోడకి ఒక నిండు సినిమాని అదే పద్ధతిలో అతికించిపోతే ఎవరూ పట్టించుకోలేదు.

2010లో వచ్చిన ‘లెటర్స్ టు జూలియెట్’ గురించి చెబుతున్నాను. గ్యారీ వినిక్ తీశాడు. మరుసటి ఏడాదే ఆయన పోయాడు కాబట్టి ఆయన్ని ఏమీ అనబుద్ధి కావడం లేదు. అందుకే మీ మీద పడ్డాను. మొన్నొక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని చూశాం. అయిపోయాక మా ఆవిడ “ఇటలీ బాగుంది” అంది. పెళ్ళికి వెళ్ళొచ్చినవాళ్ళు పందిరి బాగుందని ఊరుకుంటే భోజనాల సంగతి ఇంక అడగక్కర్లేదు కదా.

కథ మీకు తెలిసే ఉంటుంది, అయినా రికార్డు కోసం రాస్తున్నాను. సోఫీ (అమాండా సైఫ్రిడ్) న్యూయార్కర్ పత్రికలో పనిచేస్తుంది. వ్యాసాల్లో రాసినవి నిజమో కాదో సరిచూడటం ఆమె ఉద్యోగం. పెళ్ళాడబోయే విక్టర్‌తో (గాయెల్ గార్సియా బెర్నాల్) కలిసి మీ ఊరొస్తుంది. జూలియెట్ వాకిట్లో ఆడవాళ్ళు వదిలిపోయిన ఉత్తరాలని బుట్టలో ఏరుకుపోయి జవాబులు రాసే ‘జూలియెట్ కార్యదర్శుల’తో స్నేహం కలుస్తుంది. ఒకరోజు గోడలో ఇటుక ఒకటి ఊడొస్తుంది. దాని వెనక 1957 నాటి ఉత్తరం. క్లెయిర్ అనే ఇంగ్లీషు పిల్ల లొరెంజో అనే కుర్రాణ్ణి ప్రేమించి, ఇంట్లోవాళ్ళకి జడిసి, అతన్ని వదిలి వెళ్ళిపోతూ రాసుకున్నది. సోఫీ దానికి జవాబు రాస్తుంది. ఆ జవాబు పట్టుకుని క్లెయిర్ (వెనెస్సా రెడ్‌గ్రేవ్), ఇప్పుడు నాయనమ్మ, మనవడు చార్లీని వెంటేసుకుని దిగిపోతుంది. ఇక ముగ్గురూ కారెక్కి లొరెంజో వేట.

ఇటుక గురించి నేనేమీ అనను. రోజూ అంతమంది తడిమే గోడలో అర్ధశతాబ్దం పాటు ఒక కాగితం సిరా చెదరకుండా ఉంటే, నిజానిజాలు సరిచూసే వృత్తిలో ఉన్న పిల్లకి ఒక్క అనుమానమూ రాకపోతే, పోనీలెండి, ప్రేమకథ. యాభై ఏళ్ళ కిందటి చిరునామాకి వేసిన ఉత్తరం కొద్ది రోజుల్లోనే చేరడాన్ని కూడా ఇంగ్లండు తపాలావారి గొప్పతనం కిందే జమ కడదాం.

నా గొడవ వేరు. ప్రేమకథకి ఒక అడ్డం కావాలి. డబ్బో, మతమో, తండ్రో, మాటపట్టింపో ఏదో ఒకటి ఇద్దరి మధ్యా నిలబడితే దాన్ని దాటడానికి వాళ్ళు పడే పాట్లు మనం చూస్తాం. సోఫీకీ చార్లీకీ మధ్య ఏముంది? చార్లీకి కాస్త నోటిదురుసు, అంతే. పోట్లాడుకుంటారు, ఐస్‌క్రీమ్ తింటారు, రాత్రి పచ్చికలో వెల్లకిలా పడుకుని చుక్కలు చూస్తారు. ఆఖర్న అడ్డం పెట్టడం మరిచిపోయామని ఎవరికో గుర్తొచ్చినట్టుంది, క్లెయిర్, లొరెంజోల పెళ్ళిలో చార్లీ పక్కన పాట్రిషియా అనే అమ్మాయిని నిలబెట్టారు. సోఫీ ఆమెని చార్లీ పాత ప్రేయసి అనుకుని కుమిలిపోతుంది. తీరా చూస్తే అదే పేరున్న చుట్టాలమ్మాయి. మా తెలుగు సీరియళ్ళవాళ్ళ చేతిలో పడితే ఈ ముడి ఎన్ని వారాలు సాగేదో. వీళ్ళు కట్టినంత సేపట్లోనే విప్పేశారు.

విక్టర్ పక్షాన ఒక మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. సినిమా అతన్ని పనికిరానివాడిగా నిలబెట్టాలని చూస్తుంది. అతను చేసిన నేరం ఏమిటండీ? వంటవాడు. న్యూయార్కులో హోటలు తెరవబోతున్నాడు. సరుకు ఇచ్చేవాళ్ళని కలుసుకోవాలి, చీజు రుచి చూడాలి, ద్రాక్షసారా వేలానికి వెళ్ళాలి. నేలలో పెరిగే ఆ ట్రఫుల్ పుట్టగొడుగుని చూసి పసిపిల్లాడిలా గంతులేస్తాడు. ఇటలీ మట్టి వాసన పట్టించుకున్న ఒకే ఒక్క పాత్ర అతను. తక్కినవాళ్ళంతా దాని ముందు నిలబడి ఫొటో దిగినవాళ్ళే. “పొలాల వెంట తిప్పి కొత్త కొత్తవి తినిపించేవాడు నచ్చలేదంటే ఆ పిల్లకేదో అయింది” అన్నది మా ఆవిడ అభిప్రాయం. ఇందులో నా మీద చురక కూడా ఉందని నాకు అర్థమైంది, కానీ అది వేరే లేఖ.

మరి అడ్డం లేని కథ వంద నిమిషాలు ఎలా నడిచింది? ఎక్కడ మాట కరువైతే అక్కడ కొండ పెట్టారు. ఎక్కడ మనసు చూపించాలో అక్కడ సైప్రస్ చెట్ల వరస చూపించారు. కారు మలుపు తిరుగుతుంది, ద్రాక్షతోట. మరో మలుపు, పొద్దుతిరుగుడు రంగు వెలుగు. ఆ కెమెరా పట్టింది మార్కో పోంతెకోర్వో, ‘బ్యాటిల్ ఆఫ్ అల్జీర్స్’ తీసిన జిల్లో పోంతెకోర్వో కొడుకు. పనివాడే, తప్పు ఆయనది కాదు. తేనెలో ముంచి తీయమంటే ముంచి తీశాడు. పైగా ఆ కొండలు మీవి కూడా కావు, సియెనా వైపువి. మీ ఊరికీ సియెనాకీ దగ్గరదగ్గర మూడొందల కిలోమీటర్లు. సినిమాలో మాత్రం రెండూ ఒకే వీధికి అటూ ఇటూ ఉన్నట్టుంటాయి.

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే నాకు కడుపు మండింది ఇక్కడే. ఆ కొండలు దేవుడు గీసిన బొమ్మలు కావు. సియెనా వర్తకులు 14, 15 శతాబ్దాల్లో డబ్బు పోసి, బంకమట్టి నేలల్ని సాగులోకి తెచ్చి, చూడముచ్చటగా ఉండేలా తీర్చిదిద్దుకున్న భూములవి. వాల్ దోర్చా లోయని 2004లో యునెస్కో వారసత్వ జాబితాలో పెట్టింది కూడా అందుకే. గుట్ట మీద ఒంటరిగా కనిపించే ఆ రాతి ఇళ్ళు, మనం అబ్బా అనుకునేవి, చాలామటుకు పాలికాపులవి. పంటలో సగం భూస్వామికి, సగం తమకి. మెద్జాద్రియా అంటారు ఆ పద్ధతిని. పూర్వం ఆ ఒప్పందాల్లో పాలికాపు ఇంట పెళ్ళి జరగాలన్నా భూస్వామి ఒప్పుకోవాలనే షరతు ఉండేది. రెండో యుద్ధం తర్వాత ఆ కుటుంబాలు ఆ ఇళ్ళు వదిలి ఫ్యాక్టరీలున్న పట్నాలకి పోయాయి. 1964లో చట్టం వచ్చి కొత్త ఒప్పందాలు నిషేధించే నాటికి ఎన్నో ఇళ్ళు తలుపులు మూసుకున్నాయి. అలా ఖాళీ అయినవాటినే తర్వాత తర్వాత ఇంగ్లండు, జర్మనీ, అమెరికావాళ్ళు కొనుక్కుని ఈతకొలనులు తవ్వించుకున్నారు.

ఇప్పుడు క్లెయిర్ ఉత్తరం మీద తేదీ మళ్ళీ చూడండి. 1957. పల్లెలు ఖాళీ అవుతున్న కాలం. ఇటలీలో విడాకుల చట్టమే లేదు. అది వచ్చింది 1970 డిసెంబరులో, దాన్ని ఉంచాలా తీసెయ్యాలా అని 1974లో దేశమంతా ఓటేసింది కూడా. అంటే ఒకసారి తాళి కడితే కట్టినట్టే, వెనక్కి దారి లేదు. ఒక పదిహేనేళ్ళ ఇంగ్లీషు పిల్ల, ఒక టస్కనీ కుర్రాడు, మధ్యలో రెండు భాషలు, రెండు మతాచారాలు, తిరుగుముఖం లేని పెళ్ళి. ఇంతకంటే అడ్డం ఎక్కడ దొరుకుతుంది? కథ వాళ్ళ చేతిలోనే ఉంది. దాన్ని ఇటుక వెనక నుంచి తీసి, ఒకసారి చదివి, మళ్ళీ ఇటుక వెనకే పెట్టేశారు. ఆ వేసవిలో ఏం జరిగిందో ఒక్క దృశ్యంలోనూ చూపించలేదు. క్లెయిర్ భర్త పోయాడు, లొరెంజో భార్య పోయింది, దారి చక్కగా ఊడ్చిపెట్టి ఉంది, రండి అన్నారు.

రెడ్‌గ్రేవ్ ఉన్న చోట మాత్రం నేను టోపీ తీస్తాను. లొరెంజో బార్తొలీనీ అనే పేరున్నవాళ్ళందరి ఇళ్ళ వెంట సాగే వేట సరదాగానే ఉంటుంది. ఒక ఇంట్లో అయితే పెళ్ళామే బయటికొచ్చి, ఈయన్ని మీరే తీసుకుపొండి అన్నంత పనిచేస్తుంది. తర్వాత ఒక రాత్రి హోటల్ గదిలో క్లెయిర్ మంచం మీద కూర్చుని సోఫీ జుట్టు దువ్వుతుంది. సోఫీని చిన్నప్పుడే తల్లి వదిలేసి వెళ్ళింది. పెద్దావిడ చెయ్యి కుదుళ్ళ నుంచి చివరదాకా తొందర లేకుండా జారుతుంటే, ఆ పిల్ల భుజాలు సడలుతుంటే, కిటికీ అవతల టస్కనీ ఉందో లేదో కూడా మనం పట్టించుకోం. తల దువ్వించుకుని పెరిగిన ఏ ఆడపిల్లకీ ఈ దృశ్యం విడమరిచి చెప్పక్కర్లేదు. కొండా లేదు, తేనె వెలుగూ లేదు, ఒక దువ్వెన చాలింది. సినిమా మొత్తానికీ నిజమైన ప్రేమ దృశ్యం అదే.

ఆ లొరెంజోగా గుర్రమెక్కి వచ్చేది ఫ్రాంకో నీరో. ఆయనా రెడ్‌గ్రేవూ 1967 నాటి ‘కామెలాట్’లో కలిసి నటించారు, ఆయన అందులో లాన్సిలాట్. ప్రేమించుకున్నారు, 1969లో కొడుకు పుట్టాడు, విడిపోయారు, ఎవరి జీవితాలు వాళ్ళు గడిపారు, మళ్ళీ 2006లో ఒకటయ్యారు. అంటే కెమెరా ముందు నిలబడ్డవాళ్ళు ఆ కథని బతికి వచ్చినవాళ్ళు. ద్రాక్షతోటలో గుర్రం ఆగుతుంది, ఆవిడ చూస్తుంది. ఆ ముఖంలో ఒక్కసారిగా సిగ్గు, భయం, పారిపోదామనే ఆలోచన. చూస్తూ కూర్చోవచ్చు. దర్శకుడికి మాత్రం తొందర. కుర్రజంట దగ్గరికి పోవాలి. వెళ్ళి ఏం సాధించాడయ్యా అంటే, చార్లీ చేత తీగ పట్టుకుని బాల్కనీ ఎక్కించి కింద పడేశాడు.

బాల్కనీ మాటొచ్చింది కాబట్టి మీవైపు కూడా ఒకసారి చూడాలి, ఏమనుకోకండి. ఆ ఇల్లు దాల్ కాపెల్లో అనే కుటుంబానిది. 1905లో మీ నగరం కొన్నది. అక్కడ జూలియెట్ అనే పిల్ల పుట్టిందీ పెరిగిందీ లేదు. 1936లో హాలీవుడ్డువారు జార్జ్ క్యూకర్ చేత ‘రోమియో అండ్ జూలియెట్’ తీయించారు. ఆ ఊపులో మీ మ్యూజియం అధికారి ఆంతోనియో ఆవేనా ఆ ఇంటికి మరమ్మతులు చేయిస్తూ, పాత రాయి తెచ్చి, ఆ బాల్కనీ అతికించారు. అంటే సినిమా చూసి మీరు బాల్కనీ కట్టారు, బాల్కనీ చూసి వాళ్ళు మళ్ళీ సినిమా తీశారు. వాకిట్లో కంచు జూలియెట్ విగ్రహం 1972 నుంచి ఉండేది, నెరెయో కొస్తాంతీనీ చేసింది. అదృష్టం కలుగుతుందని వచ్చినవాడల్లా కుడి రొమ్ము తడిమి తడిమి అరగదీస్తే 2014లో అసలుదాన్ని లోపల పెట్టి నకలు నిలబెట్టారు. నకలుకి కూడా అదే గతి పట్టిందని వేరే చెప్పాలా.

అయినా మీ ఊళ్ళో ఒక్కటి మాత్రం కల్పన కాదు, ఆ కార్యదర్శులు. 1930లలో జూలియెట్ సమాధికి కాపలా ఉన్న ఎత్తోరే సొలిమాని అనే ఆయన, అక్కడ జనం వదిలిపోయిన ఉత్తరాలు చూసి ఊరుకోలేక జవాబులు రాయడం మొదలుపెట్టాడు. ఆ పని ఇప్పటికీ నడుస్తోంది. ఏటా వేల ఉత్తరాలు, ఎన్నో భాషల్లో, మీ ఊరి ఆడవాళ్ళు కూర్చుని చదివి, చేత్తో జవాబు రాస్తారు. సినిమాలో వాళ్ళని పది నిమిషాలు చూపించారు. ఒకావిడ మొగుడూపెళ్ళాల తగువుల ఉత్తరాలు చూస్తుందట, నర్సుగా పనిచేసే ఇంకొకావిడ జబ్బులూ చావుల ఉత్తరాలు చూస్తుందట. నేను సర్దుకుని కూర్చున్నాను. ముక్కూమొహం తెలియనివాళ్ళ కన్నీళ్ళకి జీతం లేకుండా సమాధానం చెప్పే మనుషులు. రాత్రి ఇంటికెళ్ళాక వాళ్ళకి నిద్రెలా పడుతుంది? చచ్చిపోతానని రాసిన పిల్లకి ఏం రాస్తారు? ఆ బల్ల దగ్గరే కెమెరా కూర్చుని ఉంటే నేను ఈ లేఖ రాసే పని ఉండేది కాదు. కారు బయల్దేరింది. మళ్ళీ కొండ.

అందాన్ని వాడుకోకూడదని నేననడం లేదు. 1953లో విలియం వైలర్ ‘రోమన్ హాలిడే’ని స్టూడియోలో తీయనని మొండికేసి రోమ్ వీధుల్లోకే వెళ్ళాడు. రంగులు కూడా లేవు. కానీ రాకుమారి నెత్తిన కిరీటం ఉంది, ఆ ఒక్క రోజు అయిపోగానే ఆవిడ వెళ్ళిపోవాలి, విలేకరికి తెలుసు, మనకీ తెలుసు. అందుకే ఊరు అందంగా ఉన్నకొద్దీ గుండె బరువెక్కుతుంది. 1955లో డేవిడ్ లీన్ ‘సమ్మర్‌టైమ్’ తీశాడు. కాథరిన్ హెప్‌బర్న్ వెనిస్ కాలవలో పడే దృశ్యం తానే చేసి ఆ మురికినీళ్ళకి కంటి జబ్బు తెచ్చుకుంది. అక్కడ ప్రేమించినవాడికి పెళ్ళయింది, ఆవిడ రైలెక్కేస్తుంది. అంత వెనక్కి పోనక్కర్లేదు. మీ ‘లెటర్స్ టు జూలియెట్’ అమెరికాలో విడుదలైన ఆ 2010 మే నెలలోనే, ఇరాన్ నుంచి వచ్చిన అబ్బాస్ కియారోస్తమీ అదే టస్కనీలో తీసిన ‘సర్టిఫైడ్ కాపీ’ కాన్ చిత్రోత్సవంలో ఆడింది. జూలియెట్ బినోష్‌కి ఉత్తమ నటి బహుమతి వచ్చింది. లుచిన్యానో అనే చిన్న ఊళ్ళో ఒక ఆడమనిషి, ఒక మగమనిషి నడుస్తుంటారు. ముందు కొత్త పరిచయంలా, తర్వాత పదిహేనేళ్ళ కాపురంలా మాట్లాడుకుంటారు. ఏది నిజమో సినిమా చెప్పదు. అవే రాళ్ళు, అవే సందులు, అదే ఎండ. ఆ ఎండలో వాళ్ళిద్దరి అలసట కనిపిస్తుంది.

ఆ ఏడాది గ్రహస్థితి ఏమిటో గానీ, రోమ్ ఫౌంటెన్‌లో నాణాలు ఏరుకున్నందుకు మగవాళ్ళు వెంటపడే ‘వెన్ ఇన్ రోమ్’, వెనిస్‌లో ఏంజెలీనా జోలీ పడవెక్కి తిరిగే ‘ది టూరిస్ట్’ కూడా 2010వే. ‘ది టూరిస్ట్’ని గోల్డెన్ గ్లోబ్ వారు కామెడీల విభాగంలో పోటీకి పెట్టారు. ఆ సినిమాకి సంబంధించి నాకు నవ్వొచ్చిన సందర్భం అదొక్కటే.

మావాళ్ళ చేతులు శుభ్రంగా ఉన్నాయని అనుకోకండి. పాటొకటి తీసుకురావడానికి మీ దేశం వెళ్ళడం మాకు ఎప్పటి నుంచో అలవాటు. అందులో కొంత నిజాయితీ ఉంది; అయిదు నిమిషాల్లో పని ముగించుకుని కథలోకి తిరిగొచ్చేస్తాం. 2022 మార్చిలో మాత్రం ‘రాధేశ్యామ్’ వచ్చింది. 1970ల నాటి ఇటలీ, చెయ్యి చూసి జాతకం చెప్పే ప్రభాస్, ప్రాణాంతకమైన జబ్బుతో పూజా హెగ్డే. కొంత మీ దేశంలో తీసి, ఇటలీలో చాలా భాగాన్ని హైదరాబాదులో సెట్లుగా వేశారు. ఆ సెట్లకి, ఆ వెలుగుకి నిజంగా దణ్ణం పెట్టాలి. ఏది మీదో ఏది మాదో నాకు తెలియలేదు. అక్కడ లోపం వేరు. మీ జూలియెట్ సినిమాకి అడ్డం లేదు. మా సినిమాకి అడ్డాలు బోలెడు: విధి, జబ్బు, చేతిలో లేని ప్రేమరేఖ, చాలదన్నట్టు ఆఖర్న సముద్రం కూడా లేచి వచ్చింది. ఆ ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ఎందుకిష్టమో చెప్పే తీరిక మాత్రం ఎవరికీ చిక్కలేదు. థియేటర్లో నా వెనక సీట్లో కుర్రాడు ఇంటర్వెల్లో ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు: “లొకేషన్లు సూపర్ బావా.” బావ ఇంకేదో అడిగినట్టుంది. కుర్రాడు కాసేపాగి, “అదే, లొకేషన్లు” అన్నాడు.

కాబట్టి నేను కోరేది పెద్ద పనేమీ కాదు. ఇకమీదట మీ ఊళ్ళో షూటింగుకి అర్జీ పెట్టుకున్నవాళ్ళ దగ్గర ఫీజుతో పాటు ఒక కాగితం తీసుకోండి. ప్రేమికులిద్దరి మధ్యా ఏముందో అందులో మూడు ముక్కల్లో రాయమనండి. ‘అపార్థం’ అని రాస్తే మళ్ళీ రమ్మనండి. సైప్రస్ చెట్టుని నిమిషాల లెక్కన అద్దెకివ్వండి, పక్కన మనిషి మాట్లాడుతుంటే రాయితీ. కార్యదర్శుల గదిలో తీస్తామంటే పైసా తీసుకోకండి. ఇవన్నీ పెడితే వాళ్ళు మీ ఊరు మానేసి హైదరాబాదుకే వచ్చి సెట్టు వేయిస్తారని మీ ఆర్థిక శాఖ భయపెట్టవచ్చు. రానివ్వండి. మా కార్పెంటర్లకి పని దొరుకుతుంది.

ఇట్లు,
తమ విధేయుడైన ఒక ప్రేక్షకుడు

ప్రతులు: సియెనా మేయరు గారికి, కొండలు వారివి కనుక. న్యూయార్కులో విక్టర్ గారికి. హోటలు తెరిచారో లేదో, తెరిస్తే ట్రఫుల్ ప్లేటు ఎంతో తెలపగలరు, మా ఆవిడ అడగమంది.